మోకాళ్ల దాకా ఉండే స్విమ్ సూట్ ఇంట్లో కుట్టుకోవాలి, మొదటిసారి. ఎలా మొదలుపెట్టాలి?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. మాది వైజాగ్. మా దగ్గర పూల్‌లో పొద్దున లేడీస్ బ్యాచ్ మొదలైంది, నలభై దాటాక ఇప్పుడు ఈత నేర్చుకుంటున్నాను, చాలా బాగుంది. కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ కాస్ట్యూమే వేసుకోవాలి. ఇబ్బందల్లా షాపుల్లో దొరికేవి నాకు సరిపోకపోవడమే. నేను పొడుగు. భుజం నుంచి కాళ్ల మధ్య దాకా పొడవు చాలక భుజాలు నొక్కుకుపోతున్నాయి, పొడవు సరిపోయే సైజు తీసుకుంటే ఛాతీ దగ్గరా నడుము దగ్గరా వదులైపోతోంది. పైగా నాకు మోచేతి పైదాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు కావాలి. జాకెట్లు, చుడీదార్లు, పిల్లల గౌన్లు ఏళ్లుగా కుడుతున్నాను గానీ సాగే బట్ట ఎప్పుడూ కుట్టలేదు. ఇంట్లో జిగ్‌జాగ్ వచ్చే ఉషా జానోమ్ మిషన్ ఉంది, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేదు. ఏ బట్ట, ఏ సూది, కొలతలు ఎంత తగ్గించాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బెజవాడ_కుట్లు:
తప్పకుండా కుట్టుకోవచ్చండీ. చుడీదార్ కుట్టే చేతికి ఇది కష్టమేం కాదు, కాకపోతే అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. ముందు బట్ట సంగతి చూసుకోండి, ఎందుకంటే సగం పని అక్కడే తేలిపోతుంది. నాలుగు వైపులా సాగే నైలాన్ లైక్రా కావాలి, నైలాన్ 80 శాతం, లైక్రా 20 శాతం ఉన్నది సాధారణంగా దొరుకుతుంది. బరువు 180 నుంచి 220 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మధ్య ఉంటే మంచిది, అంతకంటే పల్చనైతే తడిశాక ఒళ్లు కనిపిస్తుంది. లెగ్గింగ్స్‌కి వాడే కాటన్ లైక్రా అస్సలు వద్దు. అది నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందికి జారిపోతుంది.

షాపులో పరీక్ష ఇలా చేయండి. బట్ట మీద 10 సెంటీమీటర్లు వేళ్లతో పట్టుకుని టేపు పక్కన పెట్టి లాగండి. హాయిగా 15 దాకా రావాలి, వదిలెయ్యగానే మళ్లీ 10కే రావాలి. 10న్నర దగ్గర ఆగిపోయిందంటే ఆ బట్ట తీసుకోకండి, నాలుగు సార్లు ఈదితే సంచిలా వేలాడుతుంది. అడ్డంగా లాగి చూశాక నిలువునా కూడా తప్పకుండా లాగి చూడండి. చివరగా దాన్ని లాగిపట్టి అచ్చు కాగితం మీద పెట్టండి, అక్షరాలు చదవగలిగితే అది లైనింగ్ లేకుండా పనికిరాదు.

కొత్త_కుట్టు:
నేనూ కొత్తే, ఈ చర్చ ఫాలో అవుతున్నాను. ఒక సందేహం. కబడ్డీ, వాలీబాల్ జెర్సీలు కుట్టే పాలిస్టర్ బట్ట మా ఊళ్లో చవగ్గా దొరుకుతోంది, అదీ తొందరగా ఆరుతుంది కదా, వాడకూడదా?

బెజవాడ_కుట్లు:
ఆ జెర్సీ బట్టలో మామూలుగా లైక్రా ఉండదమ్మా. అల్లిక వల్ల కాస్త సాగుతుంది కానీ ఒంటిని పట్టుకుని ఉండదు. నీళ్లలో అది గాలి పట్టి ఉబ్బుతుంది, కాళ్లూ చేతులూ కదిపినప్పుడల్లా వెనక్కి లాగుతుంది. పైన వేసుకునే వదులు టీషర్ట్‌కైతే సరే, స్విమ్ సూట్‌కి వద్దు.

మాస్టర్_సికింద్రాబాద్:
నేను డ్యాన్స్ డ్రెస్సులు, జిమ్నాస్టిక్స్ పిల్లల డ్రెస్సులు కుడతాను, పనంతా లైక్రాతోనే. బట్ట గురించి మేడం చెప్పింది కరెక్ట్. మిగతాది నేను చెప్తాను.

సూది: జాకెట్లకి వాడే 14 నంబర్ మామూలు సూది పెడితే కుట్టు మధ్యమధ్య వదిలేస్తుంది, చాలామంది మిషన్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు. మిషన్‌లో ఏ లోపమూ ఉండదు. స్ట్రెచ్ సూది అని అడగండి, 75/11 సైజు. ప్యాకెట్ మీద హెచ్ఏ ఎక్స్ 1 ఎస్‌పీ అని ఉంటుంది. దాని మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి దారాన్ని తెంపకుండా పక్కకి జరిపి దిగుతుంది, లైక్రా దారం తెగితే ఆ చోట తర్వాత చిన్న చిల్లు పడి అది పెద్దదవుతుంది. ఒక డ్రెస్సుకి ఒక కొత్త సూది, ఇందులో పొదుపు చేయొద్దు.

దారం: పాలిస్టర్ మాత్రమే. కాటన్ దారం క్లోరిన్ నీళ్లలో కుళ్లిపోతుంది.

కుట్టు: జిగ్‌జాగ్ చాలు, ఓవర్‌లాక్ లేదని బాధపడకండి. పక్క కుట్లకి వెడల్పు 1, పొడవు 2.5 పెట్టండి. అంత సన్నగా పెడితే బయటికి దాదాపు సూటి కుట్టులాగే కనిపిస్తుంది, లాగితే మాత్రం సాగుతుంది. దాని పక్కనే అంచు మీద వెడల్పు జిగ్‌జాగ్ ఇంకోటి వేస్తే ఆ జోడు కుట్టు గట్టిగా నిలుస్తుంది. బట్టని నొక్కిపట్టే ఫుట్ ప్రెషర్ తగ్గించే ఏర్పాటు మీ మిషన్‌కి ఉంటే తగ్గించండి, అంచులు అలలు అలలుగా రావడానికి అదే పెద్ద కారణం. కుట్టేటప్పుడు వెనక నుంచి బట్టని లాగకండి, మిషన్ పళ్లు ఎంత తీసుకెళ్తే అంతే వెళ్లనివ్వండి. మొదట్లో బట్ట సూది దిగే రంధ్రంలోకి దిగిపోతుంటే కింద పల్చని కాగితం ముక్క పెట్టి మొదలుపెట్టి, తర్వాత చించెయ్యండి.

నీలిదారం:
మాస్టర్ గారూ, నా దగ్గర తొక్కుడు మిషన్ మాత్రమే ఉంది, సూటి కుట్టే వస్తుంది. దాంతో కుదరదా?

మాస్టర్_సికింద్రాబాద్:
కుదురుతుంది గానీ ఓపిక కావాలి. కుట్టు చిన్నది పెట్టండి, అంగుళానికి కుట్లు ఎక్కువ పడితే దారం ఎక్కువ ఉంటుంది, అంత సాగుతుంది. పై దారం టెన్షన్ కొంచెం లూజు చెయ్యండి. బాబిన్‌లో వూలీ నైలాన్ దారం చేత్తో వదులుగా చుట్టి వేసుకోండి, ఇది మెత్తగా దూదిలా ఉంటుంది, బాగా సాగుతుంది. ఇక్కడ మాత్రం ముందూ వెనకా బట్టని సమానంగా కొద్దిగా సాగదీసి పట్టుకుని కుట్టాలి. జిగ్‌జాగ్ వాళ్లకి లాగొద్దని చెప్పాను, మీకు లాగమంటున్నాను, రెండూ కలిపేసుకోకండి. ఇంకా నమ్మకంగా కావాలంటే పక్క కుట్లు, కాళ్ల మధ్య కుట్టు ఓవర్‌లాక్ షాపులో వేయించుకోండి. అడిగేటప్పుడు నాలుగు దారాల ఓవర్‌లాక్ అని చెప్పండి. మూడు దారాలది అంచు పోగులు విడకుండా ఉండటానికి పనికొస్తుంది, రెండు ముక్కల్ని కలిపే బలం నాలుగు దారాలదానికి ఎక్కువ ఉంటుంది.

సాగరతీరం:
మీ అందరికీ చాలా థాంక్స్. నా కొలతలు: ఛాతీ 38, నడుము 34, సీటు 41. భుజం మధ్య నుంచి ముందు వైపుగా కిందికి, కాళ్ల మధ్యగా వెనక్కి, మళ్లీ అదే భుజం దాకా టేపు తిప్పితే 66 అంగుళాలు వచ్చింది. ఇప్పుడు జాకెట్‌కైతే లూజు కలుపుతాం, దీనికి తగ్గించాలంటున్నారు, ఎంత?

టెక్సాస్_తెలుగింటి_అమ్మాయి:
ఆ చుట్టుకొలత తీసుకున్నారు చూడండి, సరిగ్గా అదే మీ సమస్యకి మందు. రెడీమేడ్ వాళ్లు ఛాతీ, నడుము, సీటు చూసి సైజు ఇస్తారు, మీలాంటి పొడుగువాళ్లకి ఆ నిలువు కొలతే దెబ్బతింటుంది.

50 శాతం సాగే బట్టకి అడ్డం కొలతలు 10 శాతం తగ్గించండి. అంటే ఛాతీ 34, నడుము 30న్నర, సీటు 37. నాలుగో వంతు వేసుకుంటే 8న్నర, 7 ముప్పావు కంటే కాస్త తక్కువ, 9 పావు. దాని మీద కుట్టుకి పావు అంగుళం వదలండి, అంతకంటే ఎక్కువ మార్జిన్ వదిలితే లోపల మడతపడి గుచ్చుకుంటుంది. నిలువు మాత్రం అంత తగ్గించొద్దు, 5 శాతం చాలు, మీకు 62 ముప్పావు దగ్గర వస్తుంది. ఒంటి మీద పొడిగా ఉన్నప్పుడు కొంచెం బిగుతు అనిపించాలి, తడిశాక బట్ట కాస్త వదులవుతుంది.

ఇక్కడ మాకు బట్ట కొనడం ఈమధ్య కష్టమైంది, 2025లో జోఆన్ షాపులన్నీ మూతపడ్డాక చేత్తో ముట్టుకుని చూసి కొనే చోటు తగ్గిపోయింది. అందుకే ఆన్‌లైన్‌లో శాంపిల్ ముక్కలు తెప్పించుకుని లాగి చూశాకే ఆర్డర్ పెడతాను. డ్రాఫ్టింగ్ భయమైతే కెనడా కంపెనీ జాలీ వాళ్ల స్విమ్ పాటర్న్‌లు ఇంట్లో ప్రింట్ చేసుకోవచ్చు, నేను వాటితోనే నేర్చుకున్నాను. ప్రింట్ తీశాక అందులో ఉండే కొలత చదరాన్ని స్కేలుతో కొలిచి చూడండి. ప్రింటర్ దాన్ని కొంచెం కుదించినా మొత్తం సూట్ ఒక సైజు తగ్గిపోతుంది.

ఈతకోచ్:
నేను పిల్లలకీ పెద్దవాళ్లకీ ఈత నేర్పిస్తాను, కుట్టు నాకు రాదు. నీళ్లలో ఏం జరుగుతుందో మాత్రం రోజూ చూస్తాను. ఫ్రాక్ మోడల్ కాస్ట్యూమ్ అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. స్కర్ట్ పెట్టాలనుకుంటే దయచేసి ఎక్కువ ఘేరు పెట్టకండి. దిగగానే అది పైకి తేలుతుంది, కాళ్లు కొట్టేటప్పుడు అడ్డం పడుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదొక భయం. మోకాళ్ల దాకా టైట్‌గా ఉన్న సూట్‌లో ఆ గొడవే లేదు. నా దృష్టిలో మన ఆడవాళ్లకి ఈత నేర్చుకోవడానికి అదే అన్నిటికంటే మంచి డ్రెస్సు, అందులో ఒళ్లు కప్పుకున్న ధైర్యమూ ఉంటుంది, ఈత కూడా సాఫీగా సాగుతుంది.

నీలిదారం:
కోచ్ గారూ, మా పాప స్కూల్ తరఫున పోటీలకి వెళ్తుంది. ఇంట్లో కుట్టింది వేసుకోవచ్చా?

ఈతకోచ్:
ప్రాక్టీస్‌కి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. పోటీకైతే నిర్వాహకుల్ని ముందే అడగండి. అంతర్జాతీయ స్థాయిలో రూల్స్ చాలా కఠినం, ఆమోదించిన లిస్టులో ఉన్న సూట్లే వేసుకోవాలి. దాని వెనక పెద్ద కథ ఉంది. 2008లో స్పీడో ఎల్‌జెడ్ఆర్ రేసర్ అని ఒకటి వచ్చింది, అందులో అతుకులు దారంతో కుట్టకుండా అల్ట్రాసోనిక్ పద్ధతిలో అతికించారు. మరుసటి ఏడాది ఇంకా ముందుకెళ్లి పూర్తిగా పాలీయూరెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి వచ్చాయి, రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. గెలిచింది ఈతగాడా, సూటా అన్న ప్రశ్న వచ్చి 2010 నుంచి అవన్నీ నిషేధించారు. అప్పట్నుంచి నేసిన, అల్లిన బట్టతోనే ఉండాలి, ఆడవాళ్లకి భుజాల నుంచి మోకాళ్ల దాకా, మగవాళ్లకి నడుము నుంచి మోకాళ్ల దాకా.

కొత్త_కుట్టు:
లైక్రా రాకముందు మరి ఏం వేసుకునేవాళ్లు?

టెక్సాస్_తెలుగింటి_అమ్మాయి:
ఉన్ని, కాటన్, కొన్నాళ్లు సిల్కు. ఉన్నితో అల్లినవి తడిస్తే బరువెక్కి సాగిపోయేవి. స్పాండెక్స్‌ని 1958లో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేశాడు, లైక్రా ఆ కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు. కాటన్ వద్దని ఇక్కడ అందరూ ఇంతగా చెప్పడానికి కారణం కూడా ఆ పాత సూట్ల ఇబ్బందే.

సాగరతీరం:
అప్‌డేట్ ఇస్తున్నాను. మంచి బట్ట కత్తిరించే ధైర్యం చాలక ముందు లెగ్గింగ్స్ బట్ట మీద ట్రయల్ కుట్టి చూశాను. స్ట్రెచ్ సూది పెట్టగానే కుట్టు వదిలెయ్యడం ఆగిపోయింది, మాస్టర్ గారికి ప్రత్యేకంగా థాంక్స్. ఛాతీ, నడుము, సీటు చక్కగా కూర్చున్నాయి. కానీ నిటారుగా నిలబడితే భుజాలు కిందికి లాగుతున్నాయి, వంగినప్పుడు పర్వాలేదు. కాళ్ల మధ్య అతుకు దగ్గర కూడా ముడతలు నక్షత్రంలా పడుతున్నాయి. 5 శాతమే కదా తగ్గించాం, ఇంకా ఏం చెయ్యాలి?

మాస్టర్_సికింద్రాబాద్:
ఆ బట్ట నిలువునా ఎంత సాగుతోంది? ముక్క తీసి లాగి చూసి చెప్పండి.

సాగరతీరం:
అడ్డంగా 10కి 16 వచ్చింది. నిలువునా 12న్నర దగ్గర ఆగిపోయింది.

మాస్టర్_సికింద్రాబాద్:
అదీ సంగతి. నిలువు సాగుడు 25 శాతమే ఉంది, కాబట్టి నిలువున 5 శాతం తగ్గింపు కూడా ఎక్కువే. పాటర్న్‌ని నడుము గీత దగ్గర అడ్డంగా కత్తిరించి ముందు ముక్కలో ఒక అంగుళం, వెనక ముక్కలో ఒక అంగుళం తెరిచి కాగితం అతికించండి, పక్క గీతలు నున్నగా కలుపుకోండి. భుజం దగ్గర మాత్రం పెంచకండి, అక్కడ పెంచితే చంక కిందికి దిగిపోయి చెయ్యి పైకెత్తినప్పుడు మొత్తం డ్రెస్సు లేస్తుంది. ఈతలో చెయ్యి ఎత్తడమే కదా పని.

నక్షత్రం ముడతలకి కాళ్ల మధ్య మియానీ ముక్క వెయ్యండి. నాలుగు అతుకులు ఒకే చోట కలిస్తే అక్కడ లాగుతుంది. పతంగి ఆకారంలో ముక్క, వెడల్పు 3 అంగుళాలు, పొడవు 7 అంగుళాలు, పైబట్టా లైనింగూ రెండూ కలిపి వెయ్యండి. కాలు చాచడానికి వీలవుతుంది, కుట్టు కూడా విచ్చుకోదు. ఇక అసలు బట్ట తెచ్చాక దాన్ని మళ్లీ రెండు వైపులా లాగి చూసి అప్పుడు ఈ లెక్క సరిచూసుకోండి. ట్రయల్ బట్ట కొలతని అసలు బట్ట మీద కళ్లు మూసుకుని పెట్టకూడదు.

బెజవాడ_కుట్లు:
బట్ట ఎంత తేవాలో కూడా చెప్తాను. పన్నా (బట్ట వెడల్పు) 58, 60 అంగుళాలు ఉంటుంది కాబట్టి చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు ఉన్న సూట్‌కి మీటరున్నర చాలు. కొన్నిచోట్ల కిలో లెక్కన అమ్ముతారు. 200 జీఎస్ఎం బట్ట 60 అంగుళాల పన్నాలో మీటరు సుమారు 300 గ్రాములు తూగుతుంది, అంటే మీకు అరకిలో లోపే. లైనింగ్ ముందు భాగానికి పూర్తిగా వెయ్యండి, వెనక అవసరాన్ని బట్టి. ముదురు రంగు తీసుకోండి, మొదటిసారి తెలుపు, లేత పసుపు, లేత గులాబీ జోలికి వెళ్లకండి. ఏ రంగైనా సరే కత్తిరించేముందు చిన్న ముక్క తడిపి చేతి మీద పరిచి చూడండి, అరచేతి గీతలు కనిపిస్తే రెండు పొరలు కావాలని అర్థం. కత్తిరించే ముందు మొత్తం బట్ట చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరబెట్టండి. ఇస్త్రీ పెట్టె వేడి దాని దగ్గరికి రానివ్వకండి.

కప్పులు కావాలంటే పైబట్టకీ లైనింగ్‌కీ మధ్య జేబులాగా వదిలి, తీసి పెట్టుకునేలా చెయ్యండి. చిల్లులున్న ఫోమ్ కప్పులైతే నీళ్లు బయటికి పోతాయి. లావు స్పాంజి నీళ్లు పట్టుకుంటుంది, ఆరడానికి పూట పడుతుంది.

టెక్సాస్_తెలుగింటి_అమ్మాయి:
ఎలాస్టిక్ మీద కాస్త గట్టిగా చెప్పాలనుంది, ఎందుకంటే మొదటిసారి కుట్టేవాళ్లు ఇక్కడే రాజీపడతారు. లంగా బొందుల దగ్గర దొరికే మామూలు ఎలాస్టిక్ క్లోరిన్‌కి తొందరగా చచ్చిపోతుంది. స్విమ్‌వేర్‌కని అమ్మే రబ్బర్ ఎలాస్టిక్ గానీ, పారదర్శకంగా ఉండే ఎలాస్టిక్ గానీ తెచ్చుకోండి, మెడకి 6 మిల్లీమీటర్లు, ఇంకా గట్టిగా కావాలంటే 10. మెడ చుట్టు 24 అంగుళాలుంటే ఎలాస్టిక్ 21న్నర తీసుకుని, కొసలు అర అంగుళం ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టి రింగు చెయ్యండి. రింగునీ మెడనీ నాలుగు సమాన భాగాలు గుర్తు పెట్టుకుని, తిరగేసిన వైపు అంచుకి ఆనించి జిగ్‌జాగ్ వెయ్యండి. ఇక్కడ ఎలాస్టిక్‌ని మాత్రమే సాగదీయాలి, బట్టని కాదు. తర్వాత లోపలికి ఒక మడత వేసి పైనుంచి ఇంకో జిగ్‌జాగ్. మోకాళ్ల దగ్గర ఎలాస్టిక్ అవసరం లేదు, అరంగుళం మడిచి జిగ్‌జాగ్ వేస్తే చాలు. అక్కడ ఎలాస్టిక్ పెడితే కాలు కోసుకుంటుంది.

జిప్ పెట్టుకుంటే ప్లాస్టిక్ జిప్, ప్లాస్టిక్ రన్నర్. లోహం తుప్పు పడుతుంది, ఎండలో వేడెక్కి ఒంటికి తగులుతుంది కూడా.

నీలిదారం:
ఒకే ముక్క కాకుండా టైట్స్, పైన పొడుగు టాప్ విడివిడిగా కుడితే బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు సులువు కదా? తడిసిన సూట్ మొత్తం విప్పి మళ్లీ ఎక్కించుకోవడం నరకం.

ఈతకోచ్:
సులువే, పెద్దవాళ్లు చాలామంది అదే ఇష్టపడతారు. దూకినప్పుడు టాప్ పైకి లేవకుండా చూసుకోవాలి అంతే. టాప్ కింది అంచులో ఎలాస్టిక్ వేయించుకుని, రెండు పక్కలా లోపల చిన్న లూపులు పెట్టి టైట్స్ నడుముకి కట్టుకుంటారు కొందరు, అది బాగా పనిచేస్తుంది.

సాగరతీరం:
అసలు సూట్ అయిపోయింది! నేవీ బ్లూ నైలాన్ లైక్రా, నిలువునా కూడా 40 శాతం సాగింది కాబట్టి మాస్టర్ గారు చెప్పిన రెండంగుళాల్లో ఒక అంగుళమే ఉంచాను. మియానీ వేశాక ముడతలు పూర్తిగా పోయాయి. ముందు ఇంట్లో షవర్ కింద నిలబడి చూశాను, ఎక్కడా పారదర్శకంగా లేదు. పూల్‌లో ఒక గంట ఉన్నాను. చెయ్యి ఎత్తితే లేవలేదు, భుజాలు లాగలేదు, మెడ దగ్గర నీళ్లు సంచిలా నిండలేదు. నాకు సరిగ్గా సరిపోయిన మొదటి స్విమ్ సూట్ ఇదే. చాలా సంతోషంగా ఉంది. బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు కొలతలు తీసుకోమంటున్నారు. ఎక్కువకాలం మన్నాలంటే ఎలా ఉతకాలి?

మాస్టర్_సికింద్రాబాద్:
శభాష్ అమ్మా. వాళ్లు వారానికి ఐదారు రోజులు పూల్‌కి వెళ్లేవాళ్లయితే పాలిస్టర్, పీబీటీ (ఒక రకం పాలిస్టర్) కలిసిన బట్ట దొరుకుతుందేమో చూడండి. సాగుడు తక్కువ, మెత్తదనం కూడా కొంచెం తక్కువ, కానీ క్లోరిన్‌ని నైలాన్ లైక్రా కంటే చాలా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. దానికి అడ్డం కొలత 10 శాతం తగ్గించకండి, లాగి చూసి 5 దగ్గర మొదలుపెట్టండి.

బెజవాడ_కుట్లు:
పూల్ నుంచి బయటికి రాగానే అక్కడే మంచినీళ్లలో జాడించండి, ఇంటికొచ్చాక చూద్దాం అని కవర్‌లో చుట్టి పెట్టకండి. పిండొద్దు, తువ్వాలులో చుట్టి నొక్కండి. వాషింగ్ మిషన్, బ్లీచ్, ఎండ మూడూ వద్దు. తలకి కొబ్బరినూనె, ఒంటికి లోషన్ రాసుకుని సూట్ వేసుకోకండి, నూనె లైక్రానీ రబ్బర్ ఎలాస్టిక్‌నీ రెండిటినీ తినేస్తుంది. రెండు సూట్లు మార్చి మార్చి వాడితే మధ్యలో లైక్రా మళ్లీ బిగుసుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

కొత్త_కుట్టు:
రుషికొండలో సముద్రంలో దిగితే ఇసుక లైనింగ్‌లో చేరిపోతుంది కదా, అది ఎలా తీయాలి?

బెజవాడ_కుట్లు:
తడిగా ఉన్నప్పుడు రుద్దకండి, ఇసుక బట్టలోకి ఇంకా దిగుతుంది. ఉప్పు పోయేలా ముందు మంచినీళ్లలో జాడించి ఆరబెట్టండి. బాగా ఆరాక తిరగేసి, రెండు చేతులతో లైనింగ్‌ని సాగదీసి దులపండి, అల్లిక తెరుచుకుని ఇసుక రాలిపోతుంది. కొత్తది కుట్టేటప్పుడే లైనింగ్‌ని కింద ఒక అంగుళంన్నర మేర కుట్టకుండా వదిలితే ఇసుక అక్కడినుంచి బయటికొచ్చేస్తుంది, సముద్రానికని కుట్టే వాటికి నేను అలాగే వదులుతాను.